ఉపగ్రహంతో సరిపడే గడియారం: సెల్ టవరులో కాలాన్ని శ్రుతి చేసే విధానం

కుప్పం నుండి బెంగుళూరుకు వెళ్ళే రైలు బంగారుపేట, మాలూరు దాటి వైట్‌ఫీల్డ్ చేరుతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే కుందలహళ్ళి ఉన్నది. కన్నడంలో హళ్ళి అంటే పల్లె. చెరువును ఆనుకొని ఉన్న ఆ పల్లె చుట్టూ కాలక్రమంలో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. 2023 మార్చి 25న వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం నడుమ మెట్రో రైలు ప్రారంభమైన నాటి నుండి కుందలహళ్ళి ఒక మెట్రో స్టేషను కూడా. సరిహద్దు జిల్లాల నుండి కొలువుల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి.

పొద్దుగూకిన తరువాత పల్లెలోని తల్లి కుందలహళ్ళిలోని కుమారునికి ఫోను చేసినప్పుడు ఈ కొసన ఒక టవరు, ఆ కొసన మరొక టవరు పనిచేస్తాయి. ఆ రెండు టవర్లూ సెకనులో పదిలక్షల వంతును లెక్కించే కాలమానానికి కట్టుబడి నడుస్తాయి. ఆ లెక్క తప్పినచో మాట తెగుతుంది, తెరపై బొమ్మ నిలిచిపోతుంది. ఈ లెక్కను కాపాడే పరికరమే ఉపగ్రహ నియంత్రిత డోలకం. వాడుకలో దీనిని జి.పి.ఎస్. క్లాక్ అంటారు. దీని లోపల ఉండే నియంత్రణ వలయాన్ని సరిగా శ్రుతి చేయడం పైనే గడియారం మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి. ఆ శ్రుతి చేసే విధానమూ, దాని వెనుక ఉన్న కారణాలూ ఈ వ్యాసంలోని విషయం.

గడియ నుండి మైక్రో సెకను దాకా

పంచాంగ గణితంలో ఒక దినానికి 60 గడియలు. ఒక గడియ 24 నిమిషాలకు, ఒక విగడియ 24 సెకన్లకు సమానం. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీటిపై ఉంచి, అది మునిగే వ్యవధిని గడియగా పూర్వులు కొలిచేవారు. గడియారం అన్న మాటకు మూలం ఈ గడియే.

రైళ్ళు వచ్చిన తరువాత ఊరికొక కాలం చెల్లకుండా పోయింది. 1906 జనవరి 1 నుండి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా చేసుకొని భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆ రేఖాంశం కాకినాడకు కొంచెం తూర్పుగా సాగుతుంది. ఒక్కొక్క డిగ్రీకి సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ఆ లెక్కన ఆ రేఖాంశంతో పోల్చినచో కుప్పంలో సూర్యుడు సుమారు 17 నిమిషాలు, కుందలహళ్ళిలో సుమారు 19 నిమిషాలు వెనుకబడి ఉంటాడు. అయినప్పటికీ మూడు చోట్లా గోడగడియారం ఒకే వేళను చూపుతుంది. ప్రజలందరూ ఒక కాలానికి ఒప్పుకోవడమే ఇందుకు కారణం.

1967లో సెకనుకు కొత్త నిర్వచనం వచ్చింది. సీసియం పరమాణువు నుండి వెలువడే ఒకానొక తరంగం 9,192,631,770 సార్లు కంపించే కాలమే ఒక సెకను. నేటి టవర్లు సరిపెట్టుకునేది ఈ పరమాణు సెకనుతోనే.

టవరుకు ఇంత ఖచ్చితత్వం ఎందుకు?

సెల్ టవరుకు గడియారంతో రెండు అవసరాలున్నాయి. మొదటిది, అది ప్రసారం చేసే తరంగపు పౌనఃపున్యం తప్పిపోరాదు. సాధారణంగా రెండు కోట్లలో ఒక వంతుకు మించి తేడా ఉండరాదన్నది నియమం. రెండవది, కొన్ని రకాల 4జి సేవలలోనూ, 2022 అక్టోబరు 1న మన దేశంలో ప్రారంభమైన 5జి సేవలలో అధికభాగం వాడే 3,300 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలలోనూ, మాట్లాడడమూ వినడమూ ఒకే పౌనఃపున్యంపై వంతులవారీగా జరుగుతాయి. దీనిని టి.డి.డి. పద్ధతి అంటారు. ఒక క్షణం టవరు పలుకుతుంది, మరుక్షణం మౌనం వహించి ఫోను చెప్పేది వింటుంది.

ఇరుగుపొరుగు టవర్లన్నీ ఒకేసారి పలికి ఒకేసారి వినాలి. ఒక టవరు గడియారం తప్పి, పక్క టవరు వినే సమయంలో ఇది పలికినచో, ఫోను నుండి వచ్చే బలహీనమైన సంకేతం ఆ హోరులో మునిగిపోతుంది. అందువలన ప్రతి టవరూ ప్రామాణిక కాలానికి 1.5 మైక్రో సెకన్ల లోపల ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. మైక్రో సెకను అంటే సెకనులో పదిలక్షల వంతు. ఆ వ్యవధిలో వెలుగు 300 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది.

సరిహద్దు పల్లెలకు ఈ విషయం మరింత దగ్గరిది. ఇటు ఆంధ్ర ప్రదేశ్ సర్కిలు టవరు, అటు కర్ణాటక సర్కిలు టవరు. ఊరి చివర నిలబడిన ఫోను ఒక్కొక్కసారి పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకోవడం అందరికీ అనుభవమే. రాష్ట్రాల ఎల్లలు తరంగాలకు తెలియవు. రెండు వైపుల టవర్లూ ఒకే కాలాన్ని పాటించినప్పుడే ఒకదాని సంకేతం మరొకదానికి అడ్డు రాకుండా ఉంటుంది.

ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. 2002 చివరలో రిలయన్స్ ఇన్ఫోకామ్ ప్రారంభించిన సి.డి.ఎం.ఎ. ఫోన్లు చాలామందికి గుర్తుండవచ్చు. ఆ పద్ధతిలోని టవర్లు ఆనాడే జి.పి.ఎస్. కాలంతో సరిపడి నడిచేవి. టవరు వద్ద పుట్టగొడుగు ఆకారంలోనో, చిన్న గుమ్మటం ఆకారంలోనో ఆకాశం వైపు చూస్తూ కనబడే తెల్లని యాంటెన్నా అందుకు గుర్తు. కొన్ని టవర్లకు సొంత జి.పి.ఎస్. ఉండదు. అవి ఫైబర్ తీగ ద్వారా కాలాన్ని అందుకుంటాయి. అయితే ఆ తీగకు అవతలి కొసన ఉన్న పెద్ద గడియారం తిరిగి ఉపగ్రహం పైనే ఆధారపడుతుంది.

ఇద్దరు సాక్షులు

పెట్టెలో కాలం చెప్పే సాక్షులు ఇద్దరు. ఒకటి క్వార్ట్జ్ స్ఫటికం, రెండవది ఉపగ్రహం.

చేతిగడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అటువంటి గడియారం నెలకు 15 సెకన్లు అటూఇటూ కావడం మామూలే. టవరు గడియారంలో వాడే స్ఫటికం మేలురకానిది. దానిని చిన్న పొయ్యి వంటి పెట్టెలో ఉంచి, ఎల్లవేళలా ఒకే వేడిమి వద్ద నిలుపుతారు. ఇది సాధారణంగా సెకనుకు ఒక కోటి సార్లు, అంటే 10 మెగాహెర్ట్జ్ వద్ద, కంపిస్తుంది. ఒక సెకను నుండి మరొక సెకనుకు దీని నడక అద్భుతంగా నిలకడగా ఉంటుంది. లక్ష కోట్లలో కొన్ని వంతుల తేడా మాత్రమే వస్తుంది. కాని రోజులు గడిచిన కొద్దీ స్ఫటికం ముదురుతుంది. దాని నడక రోజుకు వెయ్యి కోట్లలో ఒకటి రెండు వంతుల చొప్పున మెల్లగా ఒక వైపునకు జరిగిపోవచ్చును.

ఉపగ్రహం తీరు ఇందుకు విరుద్ధం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలలో పరమాణు గడియారాలున్నాయి. నేలపైనున్న కేంద్రాలు వాటిని నిత్యమూ సరిచూస్తాయి. ఏళ్ళు గడిచినా వాటి కాలం దారి తప్పదు. కాని ఆ సంకేతం నేలను చేరే లోపల వాతావరణపు పై పొరలను దాటాలి, భవనాలకు తగిలి ప్రతిఫలించాలి, రిసీవరులో కొంత రణగొణను కలుపుకోవాలి. అందువలన రిసీవరు సెకనుకు ఒకసారి ఇచ్చే టిక్కు ఒకసారి 20 నానో సెకన్లు ముందుగానూ, మరొకసారి అంతే ఆలస్యంగానూ రావచ్చును. నానో సెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు.

ఈ 20 నానో సెకన్ల తడబాటును వేర్వేరు వ్యవధులపై పరచి చూసినప్పుడు ఉపగ్రహాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుస్తుంది.

ఒక సెకను చూసి నిర్ణయిస్తే: తప్పు ఐదు కోట్లలో ఒక వంతు. స్ఫటికంతో పోల్చితే ఇది చాలా హీనం.

1,000 సెకన్లు, అంటే సుమారు 17 నిమిషాలు చూసి నిర్ణయిస్తే: తప్పు ఐదు వేల కోట్లలో ఒక వంతు. స్ఫటికానికి దరిదాపుగా వచ్చినట్లే.

ఒక పూర్తి రోజు చూసి నిర్ణయిస్తే: తప్పు నాలుగు లక్షల కోట్లలో ఒక వంతు. ఇక్కడ స్ఫటికం ఎంతమాత్రం సాటిరాదు.

కాబట్టి క్షణక్షణానికీ స్ఫటికాన్ని, దీర్ఘకాలానికి ఉపగ్రహాన్ని నమ్మాలి. ఒకరి మాట విడిచి మరొకరి మాట పట్టుకోవలసిన వ్యవధి ఏది? ఆ వ్యవధిని నిర్ణయించడమే శ్రుతి చేయడంలోని ప్రధాన విషయం.

పెట్టెలో జరిగే పని

స్ఫటికపు ఒక కోటి కంపనాలను లెక్కించి, ఒక కోటి పూర్తి అయిన ప్రతిసారీ ఒక టిక్కు వెలువరిస్తారు. అది స్ఫటికం చెప్పే సెకను. రిసీవరు నుండి వచ్చే టిక్కు ఉపగ్రహం చెప్పే సెకను. ఈ రెండింటి నడుమ ఎడాన్ని ఒక కొలమానం నానో సెకన్లలో కొలుస్తుంది. ఆ ఎడాన్ని బట్టి స్ఫటికం వేగాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో ఒక చిన్న కంప్యూటరు లెక్క కడుతుంది. ఆ సంఖ్యను వోల్టేజిగా మార్చి స్ఫటికానికి అందిస్తారు. సంఖ్యను వోల్టేజిగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. వోల్టేజి మారితే స్ఫటికం వేగం ఇసుమంత మారుతుంది. మారిన వేగం మరల టిక్కులో కనబడుతుంది. ఈ విధంగా కొలత, లెక్క, దిద్దుబాటు, తిరిగి కొలత అన్న క్రమం వలయంగా సాగుతుంది. అందుకే దీనికి నియంత్రణ వలయం అన్న పేరు.

దిద్దుబాటు ఎంత సూక్ష్మమో ఒక లెక్కతో గ్రహించవచ్చును. వోల్టేజిని పూర్తిగా మార్చినప్పుడు ఒక కోటి కంపనాలలో ఒక్క కంపనం తేడా వచ్చే స్ఫటికాన్ని తీసుకొందాం. డాక్‌కు 65,536 మెట్లు ఉన్నాయనుకొందాం. అప్పుడు ఒక్కొక్క మెట్టు లక్ష కోట్లలో ఒకటిన్నర వంతుకు సమానం.

నీరుగట్టి నేర్పు

ఈ వలయం స్వభావం చెరువు కింద సేద్యం చేసే కుటుంబాలకు సులభంగా బోధపడుతుంది. నీరుగట్టి తూమును కొద్దిగా ఎత్తుతాడు. నీరు కాలువ వెంట నడచి చివరి మడిని చేరడానికి సమయం పడుతుంది. ఆత్రపడి మరికొంత ఎత్తినచో కాసేపటికి మడి పొంగిపొర్లుతుంది. గట్టు తెగుతుందన్న భయంతో తూమును పూర్తిగా మూసినచో మడి ఎండుతుంది. అనుభవం గల నీరుగట్టి గాలికి నీటిపై లేచే అలలను చూసి తూమును కదపడు. నీటిమట్టం నిజంగా మారినదని నిశ్చయించుకొన్న తరువాతనే, తగినంత మాత్రమే కదుపుతాడు.

వలయంలో అలలకు సమానమైనది ఉపగ్రహ సంకేతంలోని తడబాటు. నీటిమట్టానికి సమానమైనది స్ఫటికం నిజంగా దారి తప్పడం. ఎంతసేపు ఆగి చూసి తూము కదపాలన్న కొలతకు శాస్త్రంలో కాలస్థిరాంకం అని పేరు.

ఎడం 100 నానో సెకన్లు ఉన్నదనుకొందాం. కాలస్థిరాంకం 500 సెకన్లు అయినచో, ఆ ఎడం 500 సెకన్లలో తీరిపోయే వేగంతో దిద్దాలి. అంటే వెయ్యి కోట్లలో రెండు వంతులు; పైన చెప్పిన డాక్‌లో సుమారు 131 మెట్లు. ఇక ఎడం కేవలం 20 నానో సెకన్ల తడబాటు అయి, స్ఫటికం నిజానికి సరిగానే నడుస్తున్నదనుకొందాం. కాలస్థిరాంకం 500 సెకన్లు అయినచో స్ఫటికం అకారణంగా 26 మెట్లు కదులుతుంది. 50 సెకన్లే అయినచో 262 మెట్లు కదులుతుంది. తొందరపడే వలయం మంచి స్ఫటికాన్ని కూడా చెడగొడుతుందని ఈ లెక్క తెలుపుతున్నది.

అట్లని కాలస్థిరాంకాన్ని మితిమీరి పెంచరాదు. 20,000 సెకన్లు పెట్టినచో, మధ్యాహ్నపు ఎండకు పెట్టె వేడెక్కి స్ఫటికం దారి తప్పినా వలయం గుర్తించేసరికి పొద్దు వాలిపోతుంది. వేసవిలో రాయలసీమ ఎండకు తాళే గడియారానికీ, చల్లని గదిలో ఉండే గడియారానికీ ఒకే అమరిక పనికిరాకపోవడానికి కారణం ఇదే.

దిద్దుబాటులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం ఇప్పుడు కనబడుతున్న ఎడానికి తగినట్లు పనిచేస్తుంది. దీనిని అనుపాత భాగం అంటారు. ఇదొక్కటే ఉన్నచో స్ఫటికానికి ఎల్లవేళలా కావలసిన దిద్దుబాటును ఇవ్వడం కోసం కొంత ఎడం ఎప్పటికీ మిగిలిపోతుంది. రెండవ భాగం ఇంతవరకు పేరుకొన్న ఎడాలను కూడి, స్ఫటికానికి ఉన్న శాశ్వతమైన తేడాను నేర్చుకొంటుంది. దీనిని సమాకలన భాగం అంటారు. ఇది మితిమీరినచో వలయం ఊయల వలె అటూఇటూ ఊగడం మొదలవుతుంది. ఊపును అణచే గుణాన్ని డ్యాంపింగ్ అంటారు. పుస్తకాలలో 0.7 విలువ తరచుగా కనబడుతుంది. కాలమాన పరికరాలలో ఊగడం కంటె నిదానమే మేలన్న తలంపుతో 1 లేదా అంతకు కొంచెం పైన ఉంచేవారు అనేకులు.

శ్రుతి చేసే క్రమం

1. యాంటెన్నా చోటు. ఆకాశం నాలుగు వైపులా కనబడాలి. కుందలహళ్ళి వంటి చోట ఎత్తైన అద్దాల భవనాల నుండి, పల్లెలో చెట్ల కొమ్మలు, నీటి ట్యాంకుల నుండి దూరంగా ఉండాలి. చోటు ఖాయమైన తరువాత రిసీవరు గంటల తరబడి, వీలయినచో ఒక రోజంతా తన స్థానాన్ని సగటు కట్టాలి. స్థానంలో ఒక మీటరు తప్పు ఉన్నచో కాలంలో సుమారు 3 నానో సెకన్ల తప్పు రావచ్చును.

2. తీగ పొడవు. యాంటెన్నా తీగలో సంకేతం మీటరుకు సుమారు 5 నానో సెకన్లు ఆలస్యమవుతుంది. 30 మీటర్ల తీగకు 150 నానో సెకన్లు. ఈ సంఖ్యను రిసీవరుకు ముందుగా తెలియజేయాలి.

3. వేడెక్కనివ్వడం. స్ఫటికపు పొయ్యి వేడెక్కడానికి నిమిషాలు చాలుతాయి. నడక కుదుటపడడానికి రోజులు పడుతుంది. తొలిరోజు చేసిన అమరికను తుది అమరికగా భావించరాదు.

4. స్పందనను కొలవడం. వలయాన్ని తెరచి ఉంచి, డాక్ సంఖ్యను తెలిసినంత మార్చి, స్ఫటికం వేగం ఎంత మారిందో నమోదు చేయాలి. ఈ సంఖ్య తప్పినచో తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి.

5. పట్టు బిగించి, తరువాత సడలించడం. మొదట 50 లేదా 100 సెకన్ల కాలస్థిరాంకంతో ఎడాన్ని త్వరగా తగ్గించాలి. ఎడం నిలకడకు వచ్చిన తరువాత అంచెలంచెలుగా 500, 1,000, స్ఫటికం మేలైనదైతే అంతకు పైన సెకన్లకు పెంచాలి.

6. రంపపు పళ్ళ దిద్దుబాటు. రిసీవరు తన లోపలి గడియారపు అంచుల వద్ద మాత్రమే టిక్కు ఇవ్వగలదు. అందువలన టిక్కులో రంపపు పళ్ళ వంటి క్రమమైన తప్పు వస్తుంది. కాలమానం కోసం తయారైన రిసీవర్లు ఆ తప్పు ఎంతో కూడా తెలియజేస్తాయి. దానిని తీసివేసి లెక్కించినచో వలయానికి చేరే రణగొణ గణనీయంగా తగ్గుతుంది.

7. అనుచితమైన టిక్కులను తోసిపుచ్చడం. హఠాత్తుగా వందల నానో సెకన్ల తేడాతో వచ్చిన ఒంటరి టిక్కును నమ్మరాదు. అటువంటివి వరుసగా వచ్చినచో దిద్దుబాటు ఆపి హెచ్చరిక పంపాలి.

తన పరీక్ష తానే దిద్దుకొన్నట్లు

ఈ పనిలో కొత్తవారు తరచుగా మోసపోయే చోటు ఒకటి కలదు. వలయం చూపే ఎడాన్ని గీతగా గీసినప్పుడు, కాలస్థిరాంకం తక్కువగా ఉన్న అమరికలో గీత సున్నాను అంటిపెట్టుకొని చక్కగా కనబడుతుంది. ఎక్కువగా ఉన్న అమరికలో గీత కొంత అటూఇటూ తిరుగుతుంది. మొదటిదే మంచిదని ఎంచుకొంటారు. వాస్తవానికి మొదటి అమరికలో స్ఫటికం ఉపగ్రహపు తడబాటునంతా అనుసరిస్తున్నది. ఇద్దరూ కలిసి తడబడుతున్నందున నడుమ ఎడం కనబడదు.

విద్యార్థి తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకొన్నప్పుడు వచ్చే మార్కులకు ఎంత విలువో ఈ గీతకూ అంతే విలువ. సరియైన తీర్పు కావాలంటే వలయంతో సంబంధం లేని మూడవ గడియారం కావాలి. రుబీడియం లేదా సీసియం గడియారంతో పోల్చి, ఒక సెకను, పది సెకన్లు, వంద, వెయ్యి, పదివేల సెకన్ల వ్యవధులలో నిలకడను వేరువేరుగా చూడాలి. ఇందుకు వాడే కొలతను అలన్ విచలనం అంటారు. స్ఫటికపు గీత, ఉపగ్రహపు గీత ఎక్కడ ఒకదానినొకటి ఖండిస్తాయో ఆ వ్యవధికి దగ్గరగా కాలస్థిరాంకాన్ని ఉంచడం మంచి పద్ధతి.

ఉపగ్రహం కనబడని వేళ

పిడుగుపాటుకు యాంటెన్నా చెడవచ్చును. ఎలుక తీగను కొరకవచ్చును. దగ్గరలో ఎవరో జి.పి.ఎస్.ను అడ్డగించే అక్రమ పరికరాన్ని వాడవచ్చును. అప్పుడు గడియారం స్ఫటికం ఒక్కదాని పైనే నడవాలి. దీనిని హోల్డోవర్ అంటారు. శ్రుతి ఎంత బాగా కుదిరినదో అసలు తేలేది అప్పుడే.

ఉపగ్రహం పోయిన క్షణాన స్ఫటికం సరియైన వేగంతోనే ఉండి, ఆ తరువాత రోజుకు వెయ్యి కోట్లలో ఒక వంతు చొప్పున దారి తప్పుతున్నదనుకొందాం. ఒక రోజు ముగిసేసరికి 4.3 మైక్రో సెకన్ల తేడా వస్తుంది. 1.5 మైక్రో సెకన్ల హద్దు సుమారు 14 గంటలకే దాటిపోతుంది. కాని వలయం గత వారాలలో ఇచ్చిన దిద్దుబాట్లను గుర్తుంచుకొని, స్ఫటికం ఏ వైపు ఎంత చొప్పున జరుగుతున్నదో నేర్చుకొని ఉన్నచో, ఉపగ్రహం లేకున్నా అదే చొప్పున దిద్దుతూ పోగలదు. అప్పుడు హద్దు దాటడానికి పట్టే సమయం పెరుగుతుంది. మరమ్మతు చేసేవారు పట్టణం నుండి పల్లెకు చేరడానికి ఒక రోజు పట్టేచోట ఈ అదనపు గంటలు ఎంతో విలువైనవి.

తొందరపాటు వలయానికి ఈ జ్ఞాపకం ఉండదు. ఉపగ్రహం పోయిన ఆఖరి క్షణంలో అది తడబాటును అనుసరించి ఏ తప్పు వేగంలో ఉన్నదో, ఆ తప్పుతోనే మిగిలిపోతుంది. వెయ్యి కోట్లలో ఒక వంతు వేగం తప్పినా రోజుకు 8.64 మైక్రో సెకన్లు తేడా వస్తుంది.

విద్యుత్తు కోత మరొక చిక్కు. బ్యాటరీ కూడా అడుగంటి పెట్టె ఆరిపోయినచో పొయ్యి చల్లబడుతుంది. తిరిగి వెలిగినప్పుడు స్ఫటికం సరిగా పాత వేగానికే రాదు. కాలం ఖాయమయ్యే వరకు టి.డి.డి. టవరు ప్రసారం ఆరంభించరాదు. కరెంటు వచ్చిన వెంటనే సిగ్నలు రాకపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

ఉపగ్రహమే పొరబడిన రోజు

2016 జనవరి 26న ఒక పాత జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని సేవ నుండి తొలగించే సందర్భంలో, అంతర్జాతీయ కాలంతో సరిచూసుకొనే సంఖ్యలలో సుమారు 13 మైక్రో సెకన్ల తప్పు దొర్లింది. దారి చూపే సేవకు హాని కలుగలేదు. కాని ఆ సంఖ్యలను వాడుకొనే కాలమాన పరికరాలు అనేక దేశాలలో గంటల తరబడి హెచ్చరికలు మోగించాయి. 13 మైక్రో సెకన్లు అంటే టవరు హద్దుకు ఎనిమిది రెట్ల పైమాటే. హఠాత్తుగా వచ్చిన మార్పును వెంటనే నమ్మక, స్ఫటికం మాటను కూడా విని నిదానించేటట్లు అమర్చిన గడియారాలు ఇటువంటి రోజున నిలబడతాయి.

మన కాలం మన చేతిలో

జి.పి.ఎస్. అమెరికా ప్రభుత్వపు ఆస్తి. ఒక దేశపు ఫోన్లు, విద్యుత్తు, బ్యాంకుల లావాదేవీలు మరొక దేశపు గడియారంపై ఆధారపడడంలోని ప్రమాదాన్ని గుర్తించి, ఇస్రో నావిక్ వ్యవస్థను చేపట్టింది. దాని తొలి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుండి బయలుదేరింది. దానికి కొద్ది రోజుల ముందు, 2013 మే 28న, బెంగుళూరుకు నైరుతి దిశగా ఉన్న బ్యాలాళు వద్ద ఇస్రో నావిగేషన్ కేంద్రం ప్రారంభమైనది. నావిక్ కాలానికి ఆధారం నేలపైనున్న సీసియం, హైడ్రోజన్ మేజర్ గడియారాల సమూహమే.

ఈ ప్రయాణం సాఫీగా సాగలేదు. తొలి ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. అవి విదేశం నుండి తెచ్చినవి. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న ప్రయోగించిన ఉపగ్రహం, రాకెట్టు ఉష్ణకవచం విడిపోనందున దక్కలేదు. 2018 ఏప్రిల్ 12న మరొకటి విజయవంతమైనది. 2023 మే 29న ఎగిసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహంలో అహమ్మదాబాదులోని ఇస్రో కేంద్రం రూపొందించిన స్వదేశీ రుబీడియం గడియారం తొలిసారిగా చోటు చేసుకొన్నది. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుండి నూరవ ప్రయోగంగా వెళ్ళిన ఎన్.వి.ఎస్.-02 మాత్రం కవాటాలు తెరుచుకోనందున తన నిర్ణీత కక్ష్యను చేరలేకపోయింది.

నేలపై భారత ప్రామాణిక కాలాన్ని కాపాడే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. ఆ కాలాన్ని దేశమంతటా పంచడానికి బెంగుళూరు, అహమ్మదాబాదు, భువనేశ్వరం, ఫరీదాబాదు, గౌహతిలలోని ఐదు ప్రాంతీయ ప్రయోగశాలలలో పరమాణు గడియారాలను నెలకొల్పే పనిని వినియోగదారుల వ్యవహారాల శాఖ చేపట్టింది. అన్ని వ్యవహారాలకు భారత ప్రామాణిక కాలాన్నే వాడాలన్న ముసాయిదా నిబంధనలు 2025 జనవరిలో వెలువడ్డాయి. ఫైబర్ తీగపై స్వదేశీ కాలం అందే నాటికి టవర్లకు ఉపగ్రహంతో పాటు రెండవ ఆధారం చేకూరుతుంది.

విద్యుత్తు తీగలకూ ఇదే కాలం

2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూరు నడుమ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది విద్యుత్ వ్యవస్థ దేశపు మిగతా వ్యవస్థతో కలిసింది. దక్షిణాది ప్రాంతీయ నియంత్రణ కేంద్రం బెంగుళూరులోనే ఉన్నది. దూరదూరాల సబ్‌స్టేషన్లలో విద్యుత్ తరంగపు దశను ఒకే క్షణాన కొలిచి పోల్చడానికి ఉపగ్రహ గడియారాలను వాడతారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు కంపిస్తుంది. 55 మైక్రో సెకన్ల తేడా వచ్చినచో దశలో ఒక డిగ్రీ తప్పు కనబడుతుంది. గ్రిడ్డు కుప్పకూలినప్పుడు ఏ లైను ముందుగా తెగినదో తేల్చడానికి కూడా గడియారాలు ఏకీభవించాలి. లేనిచో కారణం ఒకచోట, నింద మరొకచోట పడవచ్చును.

చదువుకొనే పిల్లలకు

ఈ విద్యకు మూలమైన కంట్రోల్ సిస్టమ్స్ పాఠ్యాంశం ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ శాఖల విద్యార్థులు చదివేదే. తరగతిలో సమీకరణాలుగా కనబడే అనుపాత, సమాకలన భాగాలు ఊరి టవరులో రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయని తెలిసినచో చదువుపై ఆసక్తి పెరుగుతుంది. పాత జి.పి.ఎస్. రిసీవరు, ఒక స్ఫటిక డోలకం, చిన్న మైక్రో కంట్రోలరు ఉన్నచో ఈ వలయాన్ని ఇంటివద్దనే నిర్మించి పరిశీలించవచ్చును. అనేక దేశాల ఔత్సాహిక రేడియో అభిరుచిపరులు 1990ల నుండి అట్లే చేస్తున్నారు. ఒక్కొక్క అమరిక ఫలితం తెలియడానికి రోజులు పడుతుంది కనుక, ప్రతి మార్పునూ తేదీతో, వేళతో పుస్తకంలో రాసుకొనడం అవసరం. ఒకేసారి రెండు విలువలను మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు.

పదాల వివరణ

డోలకం: క్రమం తప్పక కంపించే పరికరం.
పౌనఃపున్యం: సెకనుకు జరిగే కంపనాల సంఖ్య.
నియంత్రణ వలయం: కొలిచి, లెక్కించి, దిద్ది, తిరిగి కొలిచే ఏర్పాటు.
కాలస్థిరాంకం: వలయం ఎంత నిదానంగా దిద్దుతుందో తెలిపే వ్యవధి.
డ్యాంపింగ్: వలయం ఊగకుండా అణచే గుణం.
హోల్డోవర్: ఉపగ్రహ సంకేతం లేనప్పుడు స్ఫటికం ఒక్కదానిపైనే గడియారం నడిచే స్థితి.
మైక్రో సెకను: సెకనులో పదిలక్షల వంతు. నానో సెకను: సెకనులో వంద కోట్ల వంతు.